ఆరని అడుగు

నేను ఒక పలకరాయిని. మార్కాపురం పక్కన ఒక గనిలో, ఎండ పొడ సోకని లోతులో పుట్టాను. అప్పుడు నాకు అంచులు లేవు, పక్కవాళ్ళూ లేరు. అంతా ఒకటే రాయి. మనుషులు దిగివచ్చి, సన్నటి ఉలి ఆనించి మెల్లగా తడితే పొరలుపొరలుగా విడిపోయాం. పల్చగా వచ్చినవాటికి చెక్కచట్రాలు బిగించి బడిపిల్లల చేతికిచ్చారు. కాస్త మందంగా వచ్చినందుకు నన్ను కాళ్ళ కిందికి పంపారు.

నన్ను ఎంచుకున్నది అనసూయ. పొదిలిలో ట్రాక్టరు విడిభాగాల దుకాణం నడిపే చెన్నకేశవ భార్య. కొత్తిల్లు కట్టుకుంటూ రాయి కోసం మార్కాపురం వచ్చారు. ఆయనకు నేను నచ్చలేదు.

"ఇంత నల్లగా ఉంటే ఇల్లు గుహలాగా ఉంటది. తళతళలాడే టైల్స్ వేయించుకుందాం" అన్నాడు.

"తళతళలాడేదాని మీద మన పిల్ల ప్రసన్న జారి పడతది. ఇదైతే గరుకుగా ఉంది. ఎండాకాలం కాళ్ళకింద చల్లగానూ ఉంటది" అంది ఆమె.

ఆమె ఒక్కో పలకనూ చేత్తో ఎత్తి పట్టుకుని, వేలి కణుపుతో కొట్టి వినేది. బొంగురుగా పలికినవాటిని పక్కన పెట్టేసింది. నన్ను కొడితే ఖంగుమన్నాను. సీసాలో నీళ్ళు నా మీద కాసిని పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూస్తూ కూర్చుంది. మొగుణ్ణి ఎంచుకునేటప్పుడు కూడా ఇంత పరీక్ష చేసి ఉండదు.

పలకలు పరిచింది దస్తగిరి మేస్త్రీ. పెట్టెలన్నీ విప్పించి, నలుపూ బూడిదా ఆకుపచ్చా కలగలిపి హాల్లో పేర్చి చూసుకున్నాడు. మాలో ఎవరి మందం వాళ్ళది కాబట్టి కింద సిమెంటు ఎక్కువతక్కువలు చేసి, రబ్బరుసుత్తితో తట్టి, మట్టం సరిచూసి కూర్చోబెట్టాడు. నాకు వంటింటి గడప దగ్గర చోటు దొరికింది. ఆ గడప దాటి హాల్లోకి వచ్చేవాళ్ళు మొదటి అడుగు నా మీదే వేయాలి.

"బాగా ఆరినాక, ఏదీ లోపలికి ఇంకకుండా సీలరు పూత పూద్దామమ్మా. అందాకా నూనె మాత్రం పడనీయబాకండి. రాయి తాగేస్తది" అని చెప్పి వెళ్ళాడు.

ఇంట్లో దిగాక వచ్చిన తొలి ఆదివారం అనసూయ ఒళ్ళంతా నువ్వులనూనె రాసుకుని, తలంటుకోవడానికి వంటింట్లో నీళ్ళు కాచుకుంటోంది. హాల్లో ప్రసన్న స్టూలు మీంచి పడి కెవ్వుమంది. తల్లి ఒక్క ఉదుటున పరుగెత్తింది. ఎడమకాలు నా మీద బలంగా పడింది. కాలు లేచేసరికి నూనె నాలోకి దిగిపోయింది. ఐదు వేళ్ళు, మడమ, మధ్యలో సన్నటి వంపు.

పిల్లను చంకనేసుకుని వచ్చి చూసి, ముందు నోరు నొక్కుకుంది. తర్వాత నవ్వేసింది. "మేస్త్రీ వచ్చినాక తీయిద్దాంలే" అంది.

మేస్త్రీ రాకముందే ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికని భర్త భుజం పట్టుకుని నా మీదుగానే నడిచి వెళ్ళింది. తిరిగి నడిచి రాలేదు.

సీలరు డబ్బా అటక ఎక్కింది. ఆమె ఫొటోలు ఇనప్పెట్టెలోకి వెళ్ళాయి. ఆమె పేరు చెన్నకేశవ నోట రావడం మానేసింది. వంటింట్లోకి వెళ్ళాల్సి వస్తే నన్ను దాటి అంగవేసేవాడు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు భ్రమరాంబ వచ్చింది. గిద్దలూరు పిల్ల. నెమ్మదస్తురాలు. రెండో పెళ్ళివాడికి ఇచ్చారన్న మాటేగానీ, మొదటామె గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తనూ అడగలేదు.

వచ్చిన మర్నాడు ఇల్లు తడిగుడ్డతో తుడిచింది. పలకలన్నీ ఆరి బూడిదరంగుకు తిరిగాయి. నా మీద మాత్రం ఒక పాదం నల్లగా మిగిలింది. తనదేమోనని కాలు పక్కన పెట్టి చూసుకుంది. తన పాదం వెడల్పు. ఇది సన్నం. సబ్బుతో రుద్దింది. సోడా వేసి రుద్దింది. తడిగా ఉన్నంతసేపు పలకంతా నల్లబడి పాదం కలిసిపోయేది. ఆరేకొద్దీ వేళ్ళు ఒక్కొక్కటే బయటపడేవి.

ఆ అడుగు వంటింట్లోంచి బయటికి వస్తున్నట్టుంటుంది. అదే భ్రమరాంబను భయపెట్టింది. తనకన్నా ముందే వంటింట్లో ఎవరో ఉండి, ఇప్పుడే పని ముగించి అటు వెళ్ళినట్టు. వానరోజుల్లో అడుగు మరీ చిక్కబడేది. గడపకు వీపు తిప్పి నిలబడలేక, పొయ్యి దగ్గర పక్కకు తిరిగి వండేది. ప్రసన్న బడికి వెళ్ళేముందు రోజూ నా దగ్గరికొచ్చి, ఆ అడుగులో చిన్ని కాలు పెట్టి కళ్ళు మూసుకోవడం చూసినప్పుడు ఆమె చేతిలోంచి గరిటె జారింది.

నిజం చెప్పాలంటే, భ్రమరాంబ అనుకున్నట్టు వంటింట్లోంచి ఎవరో రావడం నేను చూడలేదు. కానీ మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగినప్పుడు, ఎవరూ లేకుండానే, ఎడమకాలి బరువొకటి నాకు ఆనేది.

చివరికి ఆమె భర్తను అడిగింది. "ఆ అడుగు ఎవరిదండీ?"

చెన్నకేశవ ముద్ద దించి చేయి కడుక్కున్నాడు. మర్నాడు దస్తగిరిని పిలిపించాడు. "ఆ పలక పగలగొట్టి ఇంకోటి వెయ్యి. తర్వాత అంతా సీలరు కొట్టెయ్యి" అన్నాడు గోడవైపు చూస్తూ.

ఉలి నా అంచుకు ఆనింది. పుట్టినప్పటి ఉలి కన్నా చల్లగా అనిపించింది. అప్పుడు ప్రసన్న బడిసంచీ విసిరేసి వచ్చి నా మీద బోర్లా పడుకుంది.

"తియ్యొద్దు! అమ్మ ఇక్కడుంది. నేను పడిపోతే ఎత్తుకోను వచ్చింది."

మేస్త్రీ సుత్తి దించేశాడు. చెన్నకేశవ వచ్చి కూతురి పక్కన కింద కూర్చున్నాడు. "అనసూయ..." అన్నాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎన్నాళ్ళకో వినబడింది. ఆ తర్వాత ఆయన ఏడుపే వినబడింది.

భ్రమరాంబ వంగి ప్రసన్న వీపు మీద చేయి వేసింది. తర్వాత దస్తగిరిని అడిగింది. "తీయకుండా ఏం చేయొచ్చు?"

"సుద్దపిండి ముద్ద కట్టి పెడితే నూనె కొంత లాగొచ్చమ్మా. ఇట్టాగే వదిలి పైన సీలరు పూస్తే మాత్రం ఆ అడుగు ఇంక పోదు. కొత్తది ఏదీ పట్టదు కూడా."

ఆమె అటక మీది సీలరు డబ్బా దించమంది. నన్ను శుభ్రంగా తుడిచి, గాలికి ఆరబెట్టి, కుంచె తనే అందుకుంది. ప్రసన్న పక్కన గొంతుక్కూర్చుని చూస్తూ ఉండి, ఒక్కసారిగా ఆమె చేయి పట్టుకుంది.

"పిన్నీ, ముందు నీ కాలికి కూడా నూనె రాసుకుని వెయ్యి. పక్కనే."

భ్రమరాంబ ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"నాకెందుకు తల్లీ. నేను నడుస్తానే ఉంటాగా" అంది. అని, పాదం వేళ్ళ చుట్టూ జాగ్రత్తగా పూత పూసింది.

ఇప్పుడు నాలోకి చుక్క నీరు కూడా దిగదు. భ్రమరాంబ రోజూ ఎన్నిసార్లు నా మీదుగా తిరుగుతుందో, ఒక్క గుర్తూ నిలవదు. ఆమెకు భయం పూర్తిగా పోయిందో లేదో నేను చెప్పలేను. చెన్నకేశవ దుకాణంలో, ప్రసన్న బడిలో ఉన్నవేళ, పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఒక్కోసారి గడపవైపు తిరిగి, "అక్కా, దించెయ్యనా?" అని అడుగుతుంది.

ఒక క్షణం ఆగుతుంది. ఒక్కోరోజు దించుతుంది. ఒక్కోరోజు తల ఊపి, ఇంకాసేపు ఉంచుతుంది.