రమ్మన్నందుకు వచ్చాడు

బు పార్తినా, అంటే పార్తినా అమ్మగారు, అరుగు మీద కూర్చుందంటే ఆ సందులో పలకరింపు తప్పించుకుని పోవడం ఎవరి తరమూ కాదు. చోదే అనే ఏటి గట్టుకి దిగే సందు అది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవాలి. అంత దగ్గరగా వెళ్ళే మనిషిని ఊరికే ఎలా వదులుతుంది? "రండి, ఓసారి లోపలికొచ్చి వెళ్ళండి" అంటుంది. గ్యాస్ బండ మోసేవాణ్ణీ అంటుంది, కరెంటు మీటరు చూసేవాణ్ణీ అంటుంది. వాళ్ళు కూడా నడక ఆపకుండానే "అలాగేనండీ, ఇంకోసారి" అంటూ పోతారు. నలభై ఏళ్ళుగా పిలుస్తోంది, ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. తొక్కితే ఆవిడ హడలిపోయేది. ఈ జోగ్జా ఊళ్ళో ఎవరూ పిలుపుని నమ్మి రారు. అలాగని పిలవకపోతే మాత్రం జన్మలో మర్చిపోరు.

ఆ బుధవారం పొద్దున పది గంటలకి ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే సందు మొదట్లో ఒక తెల్ల కుర్రాడు కనపడ్డాడు. తాడిచెట్టంత మనిషి. వీపు మీద ఒక సంచి, పొట్ట మీద ఇంకో సంచి, మధ్యలో వాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. రెండడుగులు వేసి గోడ పట్టుకుంటున్నాడు, మళ్ళీ రెండడుగులు వేస్తున్నాడు. పొద్దున ఏడింటికి బస్టాండులో దిగాడట. దిగబోయే బస పావుగంట నడక. మూడు గంటలుగా నడుస్తూనే ఉన్నాడు. తప్పు వాడిది కాదు. ఎవరైనా దారి అడిగితే తెలియదనడం ఈ ఊళ్ళో మర్యాద కాదు. తెలియని వాళ్ళు కూడా నవ్వుతూ, ఎంతో ప్రేమగా, ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తారు. సందు మలుపులో రిక్షా పెట్టుకునే పాక్ పోనిరిన్, అంటే పోనిరిన్‌గారు, అయితే వాణ్ణి రెండుసార్లు రెండు వైపులకి పంపాడు.

బు పార్తినా తలెత్తింది. నోరు దాని పని అది చేసింది. "రా నాయనా, ఓసారి లోపలికొచ్చి వెళ్ళు."

కుర్రాడు ఆగిపోయాడు. రెండు చేతులూ గుండెకి ఆనించుకున్నాడు. వాడు పుస్తకంలోంచి నేర్చుకున్న భాష మాట్లాడుతున్నాడు.

"మిక్కిలి ధన్యవాదములు, అమ్మగారూ. నేను వచ్చుచున్నాను."

వచ్చేశాడు. చూరు తలకి తగిలించుకుని, క్షమించమని ఆ చూరుకే చెప్పి, సంచులు దించి వెదురు మంచం మీద కూర్చున్నాడు. కూర్చుని, పక్కకి ఒరిగి, అలాగే పడుకున్నాడు. కాళ్ళు మంచం దాటి సందులోకి వచ్చాయి.

బు పార్తినా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. లోపలికి పరుగెత్తి టీ కలిపి, నాలుగు చెంచాల పంచదార వేసి తెచ్చింది. అతిథి ముందు గ్లాసు పెట్టాక ఇంటివాళ్ళు తాగండి తాగండి అని మూడుసార్లు అనాలి, అతిథి అప్పుడు పెదవి తడుపుకుని అడుగున సగం వదిలేయాలి. వీడు లేచి రెండు గుక్కల్లో ఖాళీ చేసి గ్లాసు చాపాడు.

"మరియొకటి లభించునా?"

కోపం రావాలి కదా? రాలేదు. భర్త పాక్ విర్యో పోయి ఐదేళ్ళు కావస్తోంది. ఈ ఐదేళ్ళలో ఆవిడ చేతి టీ ఇంకొకటి కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి లేడు. ఆవిడకి ఒక్కసారిగా సంతోషం ముంచుకొచ్చింది, ఎందుకో అర్థం కాక ఈసారి ఐదు చెంచాలు వేసింది.

కుర్రాడి పేరు యోరిస్, హాలండు వాడు, ఇరవై మూడేళ్ళు. "నాకు అనారోగ్యముగా నున్నది" అన్నాడు. "ఉదరమున ఒక గుర్రము పరుగిడుచున్నది." నిన్న సెమరాంగ్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. రక్తం పరీక్ష చేసి, భయపడాల్సిందేమీ లేదు, విశ్రాంతి తీసుకో, నీళ్ళు బాగా తాగు అన్నాడట. కాగితం కూడా చూపించాడు. బు పార్తినా దాన్ని అటూ ఇటూ తిప్పి మడిచి ఇచ్చేసింది. ఆవిడ పరీక్షలు ఆవిడకున్నాయి.

"రాత్రి బస్సులో ఏసీ కిందే కూర్చున్నావా?"

"కూర్చుంటిని."

"తలంటుకుని, ఆరకుండా రోడ్డు మీదికి వెళ్ళావా?"

"వెళ్ళితిని."

"చూశావా మరి! ఒంట్లో గాలి చేరింది. గాలి దిగందే నీళ్ళు తాగితే ఏం లాభం?"

ఈలోగా పాక్ పోనిరిన్ రిక్షా వదిలేసి వచ్చాడు. తను దారి తప్పించిన మనిషి ఎక్కడ తేలాడో చూసుకోవాలి కదా.

"పాపం, మొహం చూస్తే తెలియట్లేదూ, గాలే" అన్నాడు. "వీపు గీకాలి బు. రాగిబిళ్ళతో నాలుగు గీతలు పడితే సాయంత్రానికి గుర్రంలా లేస్తాడు."

"గుర్రం ఇప్పటికే లోపలుందట, ఇంకోటి ఎందుకు?"

"గీకాలంటే తుమినీ చెయ్యే. ఈ చుట్టుపక్కల అంతటి చెయ్యి…" అని, బు పార్తినా చూపు చూసి నాలిక్కరుచుకున్నాడు. "రిక్షా ఎండలో ఉంది" అంటూ జారుకున్నాడు.

తుమినీ ఇల్లు పక్కిల్లే. మధ్యలో గుండెల ఎత్తు గోడ. రెండేళ్ళుగా ఆ గోడకి అటు ఒకరు బట్టలారేస్తారు, ఇటు ఒకరు మొక్కలకి నీళ్ళు పోస్తారు. మాట మాత్రం లేదు. ముప్పై ఏళ్ళ స్నేహం. తుమినీ రెండేళ్ళు పెద్దది కాబట్టి 'యూ' అని ఈవిడ అక్కని పిలిచినట్టు పిలిచేది, 'జెంగ్' అని ఆవిడ చెల్లెల్ని పిలిచినట్టు పిలిచేది. పాక్ విర్యో పోయినప్పుడు ఏడు రాత్రులు తుమినీ ఈ ఇంట్లోనే చాప వేసుకుని పడుకుంది. అలాంటిది, ఆయన పోయిన వెయ్యో రోజు సంతర్పణకి రాలేదు. వంటకి సందులో ఆడవాళ్ళంతా వచ్చారు, ఆవిడ రాలేదు. ఎందుకు రాలేదో బు పార్తినాకి వారం తర్వాత ఎవరో చెప్పారు. పిలవలేదట! పదకొండు ఇళ్ళకి స్వయంగా వెళ్ళి పిలిచిన మనిషి, పన్నెండో ఇంటికి వెళ్ళలేదు. సొంత మనిషిని గడప దగ్గర నిలబడి పిలవడమేమిటి, పరాయిదాన్ని చేసినట్టు కాదూ అనుకుంది. తుమినీ పిలవని పేరంటానికి వెళ్ళే రకం కాదు. ఆ పైన ఈవిడకీ పౌరుషం వచ్చింది. రోజూ పొద్దున్నే తుమినీ చీపురు చప్పుడు వినపడుతుంది, రోజూ బు పార్తినా గోడ దాకా వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసి వచ్చేస్తుంది.

అందుకని తనే గీకడానికి సిద్ధమైంది. డచ్చివాళ్ళు ఈ దేశాన్ని ఏలిన కాలం నాటి పాత రాగిబిళ్ళ బీరువాలోంచి తీసింది.

"మీ వాళ్ళు వదిలేసి పోయిందే, నాయనా. ఇన్నాళ్ళకి మీ వాళ్ళ వీపుకే పనికొస్తోంది. బోర్లా పడుకో."

చిన్న ఉల్లిపాయ నూరి కొబ్బరినూనెలో కలిపి వీపుకి రాసింది. ఆవిడ చెయ్యి వంటకి మంచిది, వైద్యానికి కాదు. మొదటి గీత మెడ దగ్గర మొదలై చంకలోకి పోయింది. యోరిస్ పకాలున నవ్వాడు. రెండోది పడనే లేదు. మూడోదానికి కొంచెం గట్టిగా నొక్కేసరికి "అమ్మగారూ, దయయుంచుడు!" అని మంచం పట్టెలు పట్టుకున్నాడు. అసలు గీతలు వెన్నుపూస నుంచి పక్కలకి, చేప ముళ్ళలా వరసగా పడాలి. వీడి వీపు పిల్లలు పలక మీద గీసినట్టుంది.

"చేపకి పొలుసు తీస్తున్నట్టుంది గానీ, గాలి తీస్తున్నట్టు లేదు."

గోడ అవతల నుంచి వచ్చింది మాట. రెండేళ్ళ తర్వాత మొదటి మాట. బు పార్తినా చేతిలోంచి బిళ్ళ జారి కుర్రాడి నడుం మీద పడింది. గోడ మీద తుమినీ తల, రెండు మోచేతులు కనిపిస్తున్నాయి. ఎప్పట్నుంచి చూస్తోందో!

"అంత తెలిసినవాళ్ళు వచ్చి గీకచ్చు కదా" అంది బు పార్తినా, కుర్రాడి వీపుతో అన్నట్టు.

"పిలిస్తే వస్తారు ఎవరైనా. అలా గోడ మీంచి విసిరితే కుక్కలు కూడా రావు." తల దిగిపోయింది.

బు పార్తినా బిళ్ళ తీసి పక్కన పెట్టింది. కోపం వచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. ఇప్పుడు లేవకపోతే ఇక ఎప్పటికీ లేవనని తెలిసిపోయింది. ఇద్దరూ అరవై దాటిన వాళ్ళు. ఇలా పంతాలు పట్టుకుని ఎన్నాళ్ళు?

లోపలికి వెళ్ళి నైటీ విప్పి పడేసింది. పెళ్ళిళ్ళకి కట్టే బాతిక్ లుంగీ కుచ్చిళ్ళు పోసి కట్టింది, లేసు రవిక తొడిగింది, ముడి వేసుకుని బయటికొచ్చింది. యోరిస్ తలెత్తి చూశాడు, మొహం మరింత తెల్లబడిపోయింది.

"అమ్మగారూ, నేను మరణింపబోవుచున్నానా?"

"నీ మొహం! కదలకుండా పడుకో. పక్కింటికి పనుండి వెళ్తున్నా."

తన గేటు తీసి, ఆరడుగులు నడిచి, తుమినీ గేటు ముందు నిలబడింది. తుమినీ వాకిట్లోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒక్క ఆకు కూడా లేని నేలని ఊడుస్తోంది. ఈ కాస్త వ్యవధిలో ఆవిడా తల దువ్వుకుంది, మొహానికి పౌడరు రాసుకుంది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంది బు పార్తినా.

"ఎవరూ?"

"నేనండీ, పక్కింటి పార్తినాని."

"ఓహో. ఏమిటిలా దయచేశారు?"

"మీరు మా ఇంటికి రావాలి, యూ."

"అబ్బే, నేనెందుకు జెంగ్? మీకు బోలెడుమంది ఉన్నారు."

ఒకసారి కాదనడం మర్యాద. బు పార్తినా చేతులు నలుపుకుంది. "మీరు రాకపోతే అక్కడ పని జరగదు."

"నా చెయ్యి మునుపట్లా లేదు. వేరే ఎవరినైనా చూసుకోండి."

రెండోసారి కాదనడమూ మర్యాదే. మూడోసారి అడగాలి. కుర్రాడి కడుపు సంగతి, వీపు సంగతి చెప్పాలని దారిలోనే మాటలు కూర్చుకుంది బు పార్తినా. నోరు తెరిచింది. నలభై ఏళ్ళుగా దారినపోయే ప్రతివాణ్ణీ ఉత్తుత్తినే పిలిచిన ఆ నోట్లోంచి ఈసారి వేరే మాట వచ్చింది.

"మా ఆయన వెయ్యో రోజు" అంది. "వంటకి రావాలి, యూ. మీరు ముందుండి చేయించాలి."

చీపురు ఆగిపోయింది.

తుమినీ వంగినదల్లా లేచి నిలబడింది. మాట్లాడినప్పుడు 'మీరు' పోయింది.

"ఆ రోజు తెల్లారకుండా స్నానం చేశా. కొబ్బరి తురిమే పీట గుడ్డలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా, ఇదిగో, ఈ గట్టు మీదే. నువ్వు ఈ గేటు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళావు, ఆకులకనీ, కట్టెలకనీ. నువ్వు వస్తున్నావనుకుని మూడుసార్లూ లేచి నిలబడ్డా, జెంగ్."

బు పార్తినాకి ఈ సంగతి తెలియదు. ఆ గట్టు వైపు చూడలేకపోయింది. కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి, లేసు రవిక తడిసింది.

"నిన్ను పిలవాలని నాకు తట్టలేదు యూ. నా చేతిని నా నోటి దగ్గరికి రమ్మని నేను పిలుస్తానా?"

"పిలవాలే. చేతికి మాత్రం పౌరుషం ఉండదా?"

ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. తుమినీ చీపురు గోడకి ఆనించింది.

"ఎన్ని కాయలు?"

"ఏంటి?"

"కొబ్బరికాయలే! వెయ్యో రోజుకి ఎన్ని తురమాలి?"

"పన్నెండు."

"పన్నెండూ నేనొక్కదాన్నే తురమాలా? నడుం ఉంటుందా నాకు?"

"నేనూ కూర్చుంటా కదా, యూ."

అంతలో సందులో ఏదో అలికిడైంది. చొక్కా లేకుండా, దుప్పటి భుజాన వేసుకుని, వంకర గీతల వీపుతో యోరిస్ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి వెనక పాక్ పోనిరిన్, ఏమీ విననట్టు రిక్షా గంట తుడుస్తున్నాడు.

"అమ్మలారా, క్షమింపుడు" అన్నాడు యోరిస్. "నా వీపు సగమే అయినది."

తుమినీ వాణ్ణి వెనక్కి తిప్పి ఆ వీపు చూసింది. చూసి, గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు ఇంకా ఆరకముందే పడీ పడీ నవ్వింది. "ఓరి దేవుడా, ఎవరిదో వంటలెక్క రాసినట్టుంది! జెంగ్, నువ్వు ఈ జన్మలో ఇంక బిళ్ళ పట్టుకోకు."

"నేను పట్టుకోబట్టేగా నీ నోరు తెరుచుకుంది."

"వాగకు. అల్లం దంచి పెట్టు, బెల్లం వేసి మరిగించు. వీడు చిక్కిపోయాడు, బియ్యం జావ కాచు, పలచగా. నేను వచ్చి మిగతా వీపు చూస్తా." తుమినీ ఇంట్లోకి వెళ్ళి కొబ్బరినూనె సీసా, దానితో పాటు గుడ్డలో చుట్టిన తురుముపీట తీసుకుని వచ్చింది.

"కాయల్లేవు యూ, ఇవాళ" అంది బు పార్తినా.

"సంతకి పోనిరిన్‌ని పంపు. దారి వాడికి తెలిసి ఉంటే."

యోరిస్‌ని మళ్ళీ మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. తుమినీ మాత్రం అరుగు ఎక్కలేదు, ముందు గుమ్మం వైపు చూడను కూడా లేదు. చుట్టాలూ పక్కాలూ వచ్చే దారి అది. ఇంటి పక్కనున్న ఇరుకు సందులోంచి తిన్నగా వెనక వంటింటి తలుపు దగ్గరికి నడిచింది. ఆ తలుపుని కాస్త పైకెత్తి తోస్తేనే గానీ తెరుచుకోదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.