వణికిన గాజు పలక

కేంబ్రిడ్జి ఖగోళ పరిశోధనశాలలో లెక్కలు కట్టే ఆడవాళ్లందరిలో చిన్నది నోరా గెరాటీ. ఇంటింటి బట్టలుతికే ఐరిష్ తల్లి కూతురు. ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలకలను కిటికీ వెలుతురుకు నిలబెట్టి, భూతద్దంతో వెతకడం ఆమె పని. పలక మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కల్లా ఉంటాయి.

పోయిన వారం ఆమె దుమ్ము కణాన్ని కొత్త నక్షత్రమంది. గదంతా నవ్వింది. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికి పంపేస్తానన్నాడు పెద్ద అధికారి పెటింగిల్.

ఈ రోజు మళ్లీ అలాంటి చుక్కే కనబడింది. పాత పలకల్లో ఆ చోటు ఖాళీ.

"మాట్లాడకుండా తుడిచెయ్ పిల్లా," అంది పక్క బల్ల దగ్గరి హెస్టర్. "ఆకాశంలో చుక్కలు బోలెడు. నీకున్న ఉద్యోగం ఒకటే."

నోరా గుడ్డ అందుకుంది. పలక దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. మరోసారి భూతద్దం పెట్టి చూసింది. పలక తీసుకుని నేరుగా పెటింగిల్ బల్ల దగ్గరికి నడిచింది.

"మళ్లీ దుమ్మేనా అమ్మా?" అన్నాడాయన. "నేర్చుకుంటావని ఇచ్చిన పాడు పలక అది. ఫొటో తీస్తుంటే దూరదర్శినికి కుదుపు తగిలింది. మరకలు తుడవడం మీ అమ్మ నేర్పలేదా?"

"నేర్పింది సార్. తుడిచే ముందు అది ఏం మరకో చూడమనీ నేర్పింది. ఆ కుదుపుకి ప్రతి నక్షత్రానికీ కుడివైపు సన్నగా గీత సాగింది. ఈ చుక్కకీ సాగింది, చూడండి. గాజు మీద పడ్డ దుమ్ము కుదుపుకి ఎందుకు సాగుతుంది సార్?"

పెటింగిల్ వంగాడు. భూతద్దాన్ని ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి జరిపాడు, మళ్లీ ఆ చుక్క దగ్గరికే తెచ్చాడు. గదిలో పెన్సిళ్లన్నీ ఆగిపోయాయి.

కొత్త నక్షత్రం చుట్టూ సిరాతో సున్నా చుట్టే హక్కు ఇన్నేళ్లుగా ఆయనదే. ఇప్పుడు సిరాబుడ్డిని మెల్లగా ఆమె వైపు తోశాడు.

"నువ్వే చుట్టు. కొత్త నక్షత్రాల పుస్తకంలో నీ పేరు పూర్తిగా రాయి."

నోరా కలం ముంచింది. ఆనాటి కుదుపుకి వణికిన పలక మీద గుండ్రంగా సున్నా చుట్టింది.

తిరిగొచ్చి కూర్చుంటే హెస్టర్ అటు తిరక్కుండానే అంది: "నా తెల్ల గౌను మీద టీ మరకొకటుంది. మీ అమ్మకి చూపించాలి."

"సోమవారం తెండి," అంది నోరా, ఇంకో పలక కిటికీకి ఆనిస్తూ.