అమ్మ కట్టిన చొక్కా

అండమాన్‌లోని మాయాబందర్ జెట్టీలో పడవ నడుపుకుని బతికేవాణ్ణి, తాగుబోతులు నాకు కొత్త కాదు. కానీ ఆ నలుగురు బ్రిటిష్ కుర్రాళ్ళను చూస్తే మాత్రం ఒళ్ళు మండింది. పొద్దున్నే బీరు సీసాలతో పడవెక్కారు. ఒంటి మీద చొక్కాల్లేవు, సిగ్గు అసలే లేదు. దారి పొడవునా ఫుట్‌బాల్ పాటలు అరిచి, పడవ అంచున నిలబడి సముద్రంలోకి ఉచ్చ పోశారు. వాళ్ళ తరఫున నేనే గంగమ్మకు లెంపలు వేసుకున్నాను.

సముద్రం మధ్య ఉన్న చిన్న లంకలో దిగగానే వాళ్ళలో డ్యానీ అనేవాడికి ఒడ్డున కర్రకు కట్టిన పసుపు పూల చొక్కా కనబడింది.

సముద్రంలో పోయి శవం దొరకనివాడికి మావాళ్ళు ఏటా ఒక కొత్త చొక్కా ఇలా కడతారు. చలికి వణుకుతూ తిరుగుతాడని బాధ. కట్టాక దాన్ని ఎవరూ తాకరు. ఆ చొక్కా నా తమ్ముడు యుగంధర్‌ది. ఈ లంక దగ్గరే వాడి పడవ బోల్తా కొట్టింది. జెట్టీలో ఎండుచేపలు అమ్మే మా అమ్మ అసిరమ్మ, బజారంతా తిరిగి వాడికి నచ్చే రంగే ఏరి తెస్తుంది.

"నో! మై బ్రదర్ షర్ట్! హి డైడ్!" అని అరిచాను. డ్యానీ పకపకా నవ్వి తొడుక్కున్నాడు. మిగతా ముగ్గురూ ఈలలు వేస్తూ ఫొటోలు తీశారు.

తిరుగు ప్రయాణంలో పాటలు ఆగిపోయాయి. డ్యానీ పడవ ముందు భాగంలో ఒంటరిగా కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. వాడు నీళ్ళలో దిగనే లేదు, అయినా చొక్కా నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. స్నేహితుడొకడు వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ చల్లదనానికి చటుక్కున తీసేశాడు. నాకు భయం వేసింది.

తాడు కట్టకముందే డ్యానీ జెట్టీ మీదికి దూకాడు. యుగంధర్ అలాగే దూకేవాడు, ఎన్నిసార్లు తిట్టానో. తిన్నగా మా అమ్మ గంప దగ్గరికి వెళ్ళి, ఆమె కొంగు లాక్కుని తల తుడుచుకున్నాడు.

"అమా, ఆకలేస్తంది."

అమ్మ ఆ తెల్లవాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వచ్చినావా నా బాబూ!" అని బావురుమంది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతే చాలు, తమ్ముడు మళ్ళీ మాకు దక్కినట్టే. అబద్ధమెందుకు, నాకూ అదే ఆశ పుట్టింది.

వెనక ఆ ముగ్గురూ ఏడుపు ముఖాలతో నిలబడి ఉన్నారు. అమ్మ వాళ్ళను చూసింది.

"చక్రీ, ఈ గుంటడికి అమ్మ ఉందేటో అడుగు."

ఆ ముగ్గుర్నీ అడిగాను. ఉందట. రోజూ ఫోన్ చేస్తుందట.

అమ్మ వాడి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టింది. వాడు ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "వద్దమా," అన్నాడు. అది నా తమ్ముడి గొంతే.

అమ్మ ఏడుస్తూనే విప్పింది. ఆఖరి గుండీ ఊడగానే డ్యానీ కుప్పకూలాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, వణుకుతూ, ఇంగ్లీషులో వాళ్ళమ్మను పిలిచాడు.

అమ్మ తడి చొక్కాను నా చేతిలో పెట్టింది.

"జల్దీ ఎల్లి కట్టీసి రారా. ఆడికి సలేస్తాది."