గంధకము, అంటే సల్ఫర్

ఆగస్టు మొదటి వారంలో మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలోని తెలుగువాళ్లందరూ ఒకే మాట నమ్మారు: కృపావరమ్మ గారికి ప్రార్థన వల్ల చూపు తిరిగి వచ్చింది. వ్రతాలు చేసుకునే మా మిత్రబృందం కూడా నమ్మింది. నా భార్య శేషుకుమారి ఈ వార్తను ఇండియన్ కొట్టులో గోంగూర కొంటూ విని, ఇంటికి వచ్చి నాకే చెప్పింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. దేవుడి విషయంలో నాకు తగినంత ఆధారం దొరకలేదు. కృపావరమ్మ గారు మా పక్కింటావిడ, తెనాలి వైపు మనిషి; కొడుకు ప్రశాంత్ దగ్గర ఉంటారు. వారి తెలుగు చర్చి ఆదివారాల్లో ఒక స్కూలు హాలును అద్దెకు తీసుకుంటుంది. అక్కడ ప్రసంగానికి ముందు బైబిల్లోని ఆనాటి భాగాన్ని నిలబడి చదివే పని తొమ్మిదేళ్లుగా ఆవిడది. ఈ దేశంలో ఆవిడకు తనదంటూ ఉన్న పని అదొక్కటే.

ఆ ఏడాది మేలో ఆవిడ రెండు కళ్లలోనూ రెటీనా మధ్యభాగం దెబ్బతింది. పక్కచూపు ఉంది గనుక గుమ్మాలు, మనుషులు తెలుస్తారు. సూటిగా చూసిన చోట మాత్రం మసక. మందు లేదని డాక్టరు చెప్పాడు. రెండు నెలలపాటు ఆ చదివే పనిని స్పందన అనే అమ్మాయి చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగును ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుని చదువుతుంది. ఆ పిల్ల చదువుతుంటే మోషే ప్రవక్త కూడా మెల్‌బోర్న్‌లోనే పుట్టాడేమో అనిపిస్తుందని కృపావరమ్మ గారు ఒకసారి నాతో అన్నారు.

తరువాత ఒక మధ్యాహ్నం ఆవిడ తమ బైబిలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రాబోయే ఆదివారం భాగాన్ని రోజూ చదివి పెడితే కంఠస్థం చేస్తానన్నారు. ఫోనులో వినవచ్చు గదా అన్నాను. ఫోను తన తప్పులు దిద్దదన్నారు. ప్రశాంత్ ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రవుతుందట. ఒప్పుకున్నాను. పైకి చదవడానికి విశ్వాసం అవసరం లేదు. శేషుకుమారి పగలు ఉద్యోగానికి వెళుతుంది గనుక ఈ చదువు సంగతి ఆమెకు తెలియదు.

ఆ వారం, రెండు పట్టణాల మీద నిప్పులు కురిసే భాగం వచ్చింది. 'గంధకము' అన్న మాట దగ్గర నా వృత్తి అడ్డుపడింది. "అంటే సల్ఫర్" అన్నాను. ఆరు రోజులూ అన్నట్టున్నాను. ఆదివారం ఆవిడ పుస్తకం తెరిచి, కళ్లద్దాలు లేకుండా, వచనాలన్నీ తడబడకుండా చదివారు. వాటిలో "గంధకము, అంటే సల్ఫర్" కూడా ఉంది. నలుగురు కన్నీళ్లు పెట్టుకున్నారని ప్రశాంత్ చెప్పాడు.

సోమవారం వాళ్ల పాస్టర్ జయంత్ ఫోన్ చేశాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం ప్రసంగం చేసే మనిషి.

"అంకుల్, మా బైబిల్లో సల్ఫర్ లేదు," అన్నాడు.

అది నా దగ్గర నుంచి వచ్చిందని, ఆవిడ కంఠస్థం చేసి చెప్పారని ఒప్పుకున్నాను. అప్పుడతను విషయం చెప్పాడు. వచ్చే ఆదివారం ఆవిడ సాక్ష్యం చెప్పాలని సంఘమంతా అడుగుతోంది. మా ఇళ్లలో సాక్ష్యమంటే కోర్టు గుర్తుకొస్తుంది. వారి వాడుకలో, దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడం. చూపు రాలేదని తెలిస్తే చదివే పని మళ్లీ స్పందనకే వెళుతుంది, ఎందుకంటే పుస్తకం చూసి చదవాలన్నది సంఘం నియమం. ఈ సంగతి ఆవిడకు చెప్పడానికి తనకు నోరు రావడం లేదన్నాడు.

మర్నాడు ఆవిడ వచ్చినప్పుడు నేనే చెప్పాను. అడగకపోయినా సలహా కూడా ఇచ్చాను: అబద్ధమాడనక్కర లేదు, చూపు మాట ఎత్తకుండా, దేవుడికి కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటే సరిపోతుంది. జనం ఏమనుకుంటే అది జనం పూచీ. జీవితమంతా ఇతరుల అద్భుతాలను నిలదీసిన నేను, ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వవచ్చునన్నాను.

ఆవిడ టీ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టారు.

"మీరు నమ్మరు కాబట్టి మీకు పరవాలేదు, అన్నయ్యగారూ. నేను నమ్ముతాను గదా. ఆయన పేరు చెప్పి దొంగ సాక్ష్యం ఎలా పలకను?"

"చదివే పని పోతుంది."

"పోతుంది," అన్నారు. తరువాత, ఈ వారం భాగం మొదలుపెట్టమన్నారు.

ఆదివారం నేను మొదటిసారి ఆ హాలుకు వెళ్లాను. అద్భుతాన్ని చూడాలని శేషుకుమారి కూడా వచ్చింది. వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. జయంత్ ఆవిడ పేరు పిలిచి, నేల చూపులు చూస్తూ పక్కకు తప్పుకున్నాడు. కృపావరమ్మ గారు మైకు ముందు నిలబడి, చేతిలోని పుస్తకాన్ని తెరవకుండానే ముందు వరుసలో ఉన్న స్పందనకు అందించారు.

"నాకు చూపు రాలేదు," అన్నారు. "పోయిన వారం నేను చదవలేదు. పక్కింటి అన్నయ్యగారు చదివి పెడితే బట్టీ పట్టి అప్పజెప్పాను. ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా నాకు కనబడదు."