క్యాండిడేట్ ఇంకా రాలేదా?

“నీదేం ఉద్యోగం, బటన్ నొక్కి కూర్చోవడమేగా! దానికి ప్రమోషన్ కూడానా?” అన్నాడు భర్త, ఆమె మడతపెట్టిన బట్టల్లోంచి తన బనీను లాక్కుంటూ. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. వచ్చిన చిక్కంతా అదే. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు, నవ్వుతూ అంటే ఏం చెయ్యాలి? ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఒరిగిపోయిన బట్టల దొంతర మళ్లీ సర్ది, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి, ఆయనకు సెలవు కాబట్టి ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టి బస్సెక్కింది. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట గుచ్చుకోలేదు.

ఆ బటన్ సంగతి చెప్పాలి. ఆ సంస్థకు ఇరవై ఊళ్లలో ఆఫీసులున్నాయి. వాళ్లంతా తెరల మీద కలిసి మాట్లాడుకోవాలంటే వీడియో కాన్ఫరెన్స్ బ్రిడ్జి కావాలి. ఉన్నవి నాలుగే, అడిగేవాళ్లు నలభైమంది. ఏది ఎవరికి ఇవ్వాలో, ఎవరు ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో తేల్చేది ఆమె. లింకులు పంపాలి, బయట ఆగినవాళ్లని ఒక్కొక్కరినే లోపలికి రానివ్వాలి, ఎవరింట్లోనో కుక్కర్ కూత వేస్తే వాళ్ల మైకు కట్టెయ్యాలి, ఆఖరి మనిషి వెళ్లేదాకా కదలకుండా కూర్చోవాలి. హోస్టుగా ఉన్న తను బయటికొస్తే బ్రిడ్జి తెగి అందరూ ఎక్కడివాళ్లక్కడ ఊడిపోతారు. అందుకే ఓసారి రెండున్నర గంటలు బాత్‌రూమ్‌కి కూడా లేవకుండా బిగబట్టుకుంది. పైగా ఆఫీసులో ఒక పద్ధతుంది: బ్రిడ్జి నడిపే డెస్కు మనిషి మాట్లాడకూడదు, కెమెరా పెట్టకూడదు. తెర మీద ఆమె గడి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది, మధ్యలో ‘బ్రిడ్జి డెస్కు’ అని రెండు మాటలు. మీటింగుకి ఎవరెవరు వచ్చారో రాసే పట్టీలోకి ఆ రెండు మాటలు కూడా ఎక్కవు.

ఇప్పుడు అన్ని ఆఫీసుల బ్రిడ్జిలూ చూసుకునే కోఆర్డినేటర్ పోస్టు పడింది. కింద ఆరుగురు పనిచేస్తారు. అప్లికేషనైతే పెట్టింది గానీ, ఆ పోస్టు తనకు కావాలో వద్దో ఆమెకే తెలియడం లేదు. “ఆ పోస్టొస్తే ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. మరి వంట?” అని భర్త అడిగాడు. “ఉన్నదాంతో సుఖపడక ఎందుకమ్మా ఈ తాపత్రయం” అని అత్తగారు, పాపం, ప్రేమగానే అంది. అప్పట్నుంచీ లోపల ‘వద్దు, వద్దు’ అని ఒకటే గోల. కానీ ఆ వద్దు ఎవరిది? బట్టల కొట్లో “నాకు నీలం నచ్చదండీ” అని ఎన్నేళ్లుగా చెబుతోందో! నీలం నచ్చనిది ఆయనకి. తనకి నచ్చుతుందో లేదో ఎప్పుడూ చూసుకున్నదే లేదు. ఈ వద్దు కూడా అలాంటిదేనేమో. కాదేమో. నిజంగానే ఓపిక లేదేమో. ఏదీ తేలక తల దిమ్మెక్కిపోయింది.

పదకొండింటికి ఇంటర్వ్యూ. దానికి బ్రిడ్జి బుక్ చేసింది కూడా ఆమే, మరెవరు చేస్తారు? పది ముప్పావుకే అలవాటుగా డెస్కు పేరుతో తెరిచింది. ముగ్గురు బోర్డు మెంబర్లనీ లోపలికి రానిచ్చింది. తలకిందులుగా కనిపిస్తున్న చైర్మన్‌గారి బొమ్మ నిలబెట్టింది. అంతా కుదిరాక చైర్మన్‌గారు తెర వంక చూసి అడిగాడు.

“డెస్కూ, క్యాండిడేట్ ఇంకా రాలేదా?”

రాలేదంటే అబద్ధం, వచ్చిందంటే ఎక్కడని అడుగుతారు. డెస్కు మాట్లాడకూడదు. బయటికెళ్లి తన పేరుతో మళ్లీ వద్దామంటే బ్రిడ్జి తెగుతుంది. ఇన్ని వందల మీటింగులు నడిపిన మనిషికి ఇంత చిన్న సంగతి ముందు తట్టకపోవడమేమిటి? తనని కూడా లోపలికి రానివ్వాలన్న ఆలోచనే రాలేదు. “ఐదు నిమిషాలు చూసి ఆబ్సెంట్ వేసేద్దాం” అంటున్నాడు పక్క గడిలోని మెంబరు. ఊరుకుంటే చాలు. తను వద్దనక్కర్లేదు, ఎవరూ తనని ఏమీ అనక్కర్లేదు. సాయంత్రం ఏడింటి వంట గొడవే ఉండదు. హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య చూసుకునే భయపడింది. బట్టల కొట్లో నీలం పక్కన పెట్టించినప్పుడల్లా అచ్చంగా ఇదే హమ్మయ్య.

ఫోన్ మీద భర్త మెసేజ్ వెలిగింది: ‘పంచదార ఎక్కడుంది?’ వేళ్లు వాటంతటవే ‘రెండో అర’ అని కొట్టాయి. పంపబోయి ఆగింది. కొట్టింది చెరిపేసింది.

తర్వాత బ్రిడ్జి చాట్‌లో నింపాదిగా రాసింది: ‘సార్, హోస్టు మీకు మారుస్తున్నాను. క్యాండిడేట్ బయట ఉంది. పేరు పక్కన పచ్చ బటన్ ఉంటుంది, మీరు నొక్కితే లోపలికి వస్తుంది.’ పదకొండేళ్లలో మొదటిసారి హోస్టు ఇంకొకరికి అప్పగించి బయటికొచ్చేసింది. బ్రిడ్జి తెగలేదు. ఇన్నాళ్లూ ఇలా చెయ్యొచ్చని తెలిసి కూడా ఎందుకు చెయ్యలేదో ఆమెకే అర్థం కాలేదు.

సొంత ఫోన్ గోడకు ఆనించి, ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టి తలుపు తట్టింది. ‘దయచేసి వేచి ఉండండి’ అంది తెర. ఎంతమందికో చూపించిన ఆ పేజీని చూడటం ఆమెకు ఇదే మొదలు. డెస్కు మీద టెలిఫోన్ మోగింది. బటన్ ఎక్కడుందని అడగడానికే అయివుంటుంది. తియ్యలేదు. ఫోన్‌లో పంచదార మళ్లీ వెలిగింది. దాని జోలికీ పోలేదు. ఒక నిమిషమైంది, రెండైంది. ఉద్యోగం కావాలో వద్దో ఇప్పటికీ తేలలేదు. అడిగేదేదో తననే అడగనీ, అప్పుడు చూద్దాం.

తెర తెరుచుకుంది. చైర్మన్‌గారు కళ్లజోడు సర్దుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

“మిమ్మల్ని ఎప్పుడూ చూసినట్టు లేదే. ఏ ఆఫీసమ్మా?”

“ఈ ఆఫీసే సార్” అంది ఆమె. “పదకొండేళ్లుగా మీ ప్రతి మీటింగులోనూ ఉన్నాను.”