తోడు వంతు

కర్రి పోలినాయుడు నా కొంప ముంచాడు, ఆ మాట చచ్చినవాడి మొహం మీదే అనేస్తున్నాను, ఆయనేమో మోకాలి లోతు నీళ్ళలో బల్ల వేసుకుని కూర్చుని నవ్వుతూ వింటున్నాడు. మా మడి అది, నాట్లు వేసిన మడి, కానీ వరి దుబ్బుల మధ్య ఆసుపత్రి మంచాలు వరసగా నిలబడి ఉన్నాయి, తెల్ల దుప్పట్లు తడవడం లేదు, గోడలెక్కడా అని చూస్తే కొంగల్లా లేచి ఎగిరిపోతున్నాయి.

"మా అయ్యకి మాటలు చెప్పి రోడ్డు పక్క మడి రాయించేసుకున్నావు మావా. పంట పోయింది, నా ఆరో తరగతి పోయింది, గోనెమిల్లులో నా నడుం పోయింది. ఊరందరి ఆసుపత్రంట! నాకేటి మిగిలింది?"

"నోరు మిగిలింది కదరా తవుడూ," అంటాడు. "అది గట్టిగానే ఉంది."

కోపం రావాలి, రావడం లేదు. నీళ్ళ మీద ఎడ్లబండి ఒకటి చప్పుడు లేకుండా వస్తోంది, అందులో నిండు చూలాలు, పోలినాయుడు పెళ్ళాం, పట్నం ఆసుపత్రి చేరకుండా దారిలోనే పోయిన మనిషి. దగ్గరయ్యేసరికి ఆమె లేదు, రాళ్ళున్నాయి, ఆమె పోయిన ఏడాదే ఎనభై మూడు గడపలూ గడపకో బండెడు తోలిన ఆసుపత్రి పునాదిరాళ్ళు, ముందు బండి తోలుతున్నది మా అయ్య. పిలిస్తే తిరగడు, ఎడ్లను అదిలించుకుంటూ వెళ్ళిపోతాడు.

"నాను రాయించుకోలేదురా. మీ అయ్యే వచ్చి, 'రోడ్డు పక్కనైతే బండి ఆపడం సులువు కదా' అన్నాడు. అందరం కూకుని రెండే మాటలు అనుకున్నాం. డబ్బు లేదని ఎవుల్నీ తిప్పి పంపకూడదు. ఎవులూ లేరని ఎవుల్నీ ఒంటిగా ఒగ్గేయకూడదు."

ఆ రెండో మాట కోసమే తోడు వంతు పెట్టారు: నా అన్నవాళ్ళు లేని రోగి పక్కన రోజుకో ఇంటివాళ్ళు కూర్చోవాలి. పిల్లాజెల్లా లేని పోలినాయుడు ఆ ఆసుపత్రిలోనే కన్నుమూసిన రోజు, వంతు మా ఇంటిది.

"వంతు మాదని తెలిసే రాలేదు మావా."

"ఎరుగుదును. గుమ్మంకేసే చూస్తా ఉన్నాను."

"భయమేసిందా?"

"ఏసింది."

మంచాలు నీళ్ళ మీద మెల్లగా ఊగుతున్నాయి. ఆయన మోచేత్తో పొడుస్తాడు. "అప్పట్నుంచీ నీ వంతు నానే కూకుంటన్నాను. ఇంక నావల్ల కాదు. ఇలాగ రా." బల్ల మీద జరుగుతాడు. కూర్చుంటాను, ఆయన జరిగిన చోటు వెచ్చగా ఉంది, నీళ్ళు చల్లగా పాదాల మీదకి...

"కాళ్ళెత్తన్నా! తడిగుడ్డ ఎడతన్నాను."

ఆయా గొంతు. మిట్టమధ్యాహ్నం. బల్ల కింద నా పాదాలు ఫినాయిలు నీళ్ళలో నానుతున్నాయి. ఇంటిదానికి జ్వరమని వంతుకు నేను వచ్చాను. మొహం చూపించి జారుకుందామనే వచ్చాను. మంచం మీది ముసలమ్మ, కొండ ఊరి నుంచి బస్సులో ఒక్కతే వచ్చిన మనిషి, నేను చెప్పులు వెతుక్కోవడం చూస్తోంది.

"ఎలిపోతావేటి బావూ?"

చెప్పులు బల్ల కిందికి తోసేస్తాను.

"లేదు మామ్మా. పొద్దుగూకేదాకా ఉంటాను."

"ఎవులి తాలూకు నువ్వు? ఏ ఊరు?"

"ఇక్కడే. నీ మంచం కింద నేల మాదే," అంటాను. "నలభై రెండు సెంట్లు."