సైఫ్ చేసిన జత

నిషిత వచ్చేసరికి గులాం రసూల్ వర్క్‌షాపు తలుపుకు తాళం వేస్తున్నాడు. సంగారెడ్డి దాటాక హైవే పక్కనున్న ఆ ప్రైవేటు ఐటీఐలో ఆయన ఫిట్టర్ పని నేర్పబట్టి ఇరవై రెండేళ్లు. నిషిత మూడేళ్ల కిందట అక్కడే చదివి, సుల్తాన్‌పూర్‌లో సిరంజీల కంపెనీలో ప్యాకింగ్‌కు కుదిరింది. జర్మనీ కంపెనీ ఒకటి పటాన్‌చెరులో ఫిట్టర్లను ఎంచుకుంటోందని, దరఖాస్తుల్లోంచి తనను ఎంపిక చేశారని, ఇంకో పన్నెండు రోజులకు చేతిపని పరీక్ష ఉందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ప్రాక్టికల్స్‌లో తొంభై రెండు మార్కులు ఉన్నందుకే ఎంపిక చేశారట.

"ప్యాకింగ్ పరీక్ష పెడితే స్టేట్ ఫస్టొస్త సార్," అని నవ్వింది. "ఆకురాయి పట్టి మూడేండ్లయింది. జెర చూపెట్టుండ్రి."

రసూల్ ఆ మాటను దిద్దలేదు. ఆమె చదివిన రెండేళ్లలో ఆకురాయి పట్టింది లెక్కపెడితే పది రోజులు ఉండదు. నలభై మందికి వర్క్‌షాపులో ఆరు బెంచ్ వైసులుండేవి. వాటిలో నాలుగింటి దవడలు అరిగిపోయి ఇనుమును పట్టి ఉంచేవి కావు. కోయడానికి ఇనుము కొని కూడా చాలా ఏళ్లయింది.

అయినా ఏటా అందరూ పాసయ్యేవారు. ఎలాగంటే, ఆఫీసు బీరువాలో ఒక ఇనుప జత ఉండేది. చతురస్రపు రంధ్రం ఉన్న ఒక పలక, అందులో సరిగ్గా కూర్చునే ఒక దిమ్మ. పరీక్షకు ముందురోజు ప్రిన్సిపాల్ వెంకట సాయి దాన్ని బయటికి తీయించి, పాత హాల్‌టికెట్ నంబరు కిరోసిన్‌తో తుడిపించి, కొత్తది పెయింటుతో వేయించేవాడు. పరీక్షకు వచ్చిన అధికారి ఆ ఒక్కటీ చూసి, మిగతా తుప్పు ముక్కలకు కూడా మార్కులు వేసి, భోజనానికి లేచేవాడు. నిషిత పరీక్ష రాసిన ఏడాది దాని మీద వేసింది నిషిత నంబరే.

ఆ జత చేసింది సైఫ్, రసూల్ కొడుకు. ఎనిమిదేళ్ల కిందట, అక్కడ పని సరిగ్గా నేర్పిన చివరి బ్యాచ్‌లో చదివాడు. మరుసటి ఏడు హైవే మీద లారీ గుద్ది పోయాడు.

మొదటిసారి ఆ జత మీద వేరే నంబరు వేయమన్నప్పుడు రసూల్ కుదరదని చెప్పాలనే అనుకున్నాడు. ఆ మాట అనేలోపే మర్నాడు పరీక్షాధికారి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, సందులో వెంట్రుకంత వెలుగు కూడా రావట్లేదే, ఎవరిదోగానీ మంచి చెయ్యి అన్నాడు. ఇంట్లో సైఫ్ పేరెత్తితే భార్య షంషాద్ ఏడుస్తుందని అప్పటికి అందరూ ఆ పేరు తలవడమే మానేశారు. ఆ ఒక్క మాట కోసం రసూల్ ఆ ఏడు ఊరుకున్నాడు. పై ఏడు కూడా ఊరుకున్నాడు.

నిషిత రోజూ షిఫ్టు దిగి నేరుగా వర్క్‌షాపుకు వచ్చేది. రసూల్ తన జేబులోంచే రెండు కొత్త ఆకురాళ్లు, ఇనుప పట్టీ కొని తెచ్చాడు. నిలబడే తీరు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఆకురాయి ముందుకు పోయేటప్పుడు చేతులు ఊగి, ముక్క నడుమ గుట్టలా లేచేది. మూలమట్టం ఆనిస్తే రెండు వైపులా వెలుగు కనిపించేది. అరచేతులు పొక్కి, చితికి, మళ్లీ పొక్కాయి. వాటికి ప్యాకింగ్ టేపు చుట్టుకుని, మా కంపెనీ మాల్ గిట్ల పనికొచ్చింది సార్ అంది. పదో రోజున ముక్కకు ఒక ముఖం చదునుగా వచ్చింది. నాలుగు ముఖాలు రావాలి, ఆ తర్వాత రంధ్రం. రసూల్ పైకి మాత్రం శాబాష్ అన్నాడు.

పరీక్ష రోజు ఆయన సెలవు పెట్టి, పటాన్‌చెరులో ఆ షెడ్డు గేటు బయట నిలబడ్డాడు. యాభై ఎనిమిది మంది లోపలికి వెళ్లారు. తన పక్కన ఒకతను తమ్ముడి కోసం వచ్చానని హిందీలో చెప్పాడు. జార్ఖండ్ వాళ్లు, పాశమైలారంలో కిరాయికి ఉంటున్నారు. తమ్ముడు చదివిన చోట ఒక్కొక్కరికి ఒక్కో వైస్ ఉండేదట, రెండేళ్లు ఆకురాయి పట్టడమే పనట. రసూల్ తను ఎవరో చెప్పలేదు. ఊ కొడుతూ విన్నాడు.

మధ్యాహ్నం దాటాక అయిదుగురి పేర్లు గోడకు అంటించారు. ఆ తమ్ముడి పేరు అందులో ఉంది. నిషిత అందరికంటే చివర బయటికొచ్చింది. మార్కుల మెమో ప్లాస్టిక్ కవరులో పెట్టినది పెట్టినట్టే ఉంది.

"ఏమన్నరు బేటా?"

"ఏమనలే సార్. జర్మనీ మేడమ్ ముక్కను లైటుకు పట్టి నాకే చూపెట్టింది. మెమో ఇయ్యబోతే వద్దన్నది. మీ దగ్గర అందరికీ తొంభయ్యే ఉంటయంట, అవి సూసుడు బంద్ చేసినమని పక్కన సార్ తెలుగుల చెప్పిండు."

ఇద్దరూ బస్టాప్ దాకా నడిచారు. ఆమె రెండో షిఫ్టుకు వెళ్లాలి.

"నా నంబరేసిన జత ఎవరు చేసిండ్రు సార్?"

"మా సైఫ్."

 పోయిన కొడుకు పేరు అదేనని నిషితకు తెలుసు.

"మస్తు చేసిండు సార్. నాక్కూడ అట్లనే నేర్పకపోతిరి."

గొంతులో కోపం లేదు. బస్సు వచ్చింది, ఎక్కింది.

మరుసటి రోజు రసూల్ ఆ జతను బీరువాలోంచి తీసి, పాత నంబరు తుడిచి, రుమాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయాడు. సోమవారం ఈ ఏటి ప్రాక్టికల్స్. జత ఇవ్వనని, పిల్లలు చేసిందే చూపిద్దామని, ఎంతమంది తప్పితే అంతమంది తప్పనిమ్మని ప్రిన్సిపాల్‌తో చెప్పాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఏడేళ్లు పట్టింది.

వెంకట సాయి కోప్పడలేదు. కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"మీ బాధ నాకెర్క రసూల్ భాయ్. పిలగాని యాది, ఇంట్ల పెట్టుకోండ్రి. జోగిపేటల మనోళ్ల ఐటీఐ ఉన్నది కదా, ఆదివారం ఒక జత తెప్పిస్త."

సోమవారం పొద్దున బల్ల మీద జోగిపేట జత ఉంది. అంచులు అంత బాగా లేవు. పక్కన పెయింటు డబ్బా, సన్నటి కుంచె, హాల్‌టికెట్ల జాబితా. ఆ ఏడు కూడా పిల్లలు నలభై మంది, వరండాలో నిలబడి ఉన్నారు. రసూల్ కళ్లద్దాలు పెట్టుకుని, జాబితాలోని మొదటి నంబరు ఆ జత మీద రాశాడు.